వేలంలో పాత సోలింగెన్ మంగలి కత్తి: ఫొటో చూసి నమ్మొచ్చా?

మాది అమలాపురం దగ్గర పల్లె. మా తాతగారు రోజూ గడ్డం గీసుకున్న మంగలి కత్తి తుప్పు తినేసి పోయింది. ఆ బాధతోనే అలాంటిది కొనాలని ఆన్‌లైన్ వేలాలు చూస్తున్నాను. జర్మనీ సోలింగెన్‌లో చేసిన కత్తి ఒకటి బాగా నచ్చింది. కత్తి మీది తయారీదారు ముద్ర చెక్కుచెదరలేదు. కానీ అంచుకు రెండు మిల్లీమీటర్ల పైన నల్లటి చుక్కలున్నాయి. పైపై మరకలా, లోపలికి తిన్న గుంటలా? ఫొటోలో తేలక టెన్షన్‌గా ఉంది. గుంట అంచుదాకా వస్తే ఎంత సానబెట్టినా పదును నిలవదు కదా.

పిడి సెల్యులాయిడ్‌ది, అంటే పాతకాలపు ప్లాస్టిక్. అది పాడైతే వచ్చే ఆవిరికే ఉక్కు తుప్పు పడుతుంది, అదో భయం.

అమ్మేవారిని ఏ కోణంలో ఫొటోలు అడగాలి? మా కోనసీమ తేమకు కత్తిని ఎలా దాచాలి, కొబ్బరినూనె రాస్తే సరిపోతుందా? వేలం ఆదివారం రాత్రి ముగుస్తుంది. వాడి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.