బొమ్మ వస్తోంది, సౌండ్ రావట్లేదు: తప్పు టీవీదా, ఫైల్‌దా, పంపే యాప్‌దా?

పాత_రిమోట్

ఫోన్‌లో ఉన్న సినిమా ఫైల్‌ని వైఫై మీద టీవీకి పంపుతున్నాను. బొమ్మ ఎక్కడా ఆగకుండా వస్తోంది, సౌండ్ మాత్రం అసలు లేదు. అదే టీవీలో యూట్యూబ్ పెడితే ఇల్లు మార్మోగుతోంది. అదే ఫైల్‌ని ఫోన్‌లోనే వీఎల్‌సీ ప్లేయర్‌లో పెడితే మాటలు, పాటలు అన్నీ వినబడుతున్నాయి. మ్యూట్ చూశాను, వాల్యూమ్ చూశాను, టీవీ ప్లగ్ తీసి పెట్టాను. దయచేసి ఆ సలహాలు మళ్లీ ఇవ్వకండి.

ఫైల్ వివరాలు తెరిస్తే ఆడియో దగ్గర డీటీఎస్ (సౌండ్‌ని కుదించి దాచే ఒక ఫార్మాట్), 6 ఛానళ్లు అని ఉంది. టీవీ మాన్యువల్‌లో ఆడియో ఫార్మాట్ల పట్టిక వెతికితే అందులో డీటీఎస్ లేదు. కారణం దొరికింది, నా గొడవ దాని గురించి కాదు. స్క్రీన్ సైజు, రంగులు, ఏఐ అంటూ అట్టపెట్టె నిండా రాసుకున్నవాళ్లు, ఫలానా సౌండ్ మా టీవీలో రాదు అని ఒక్క ముక్క రాయలేరా? పోనీ, ఫైల్ ఆడేటప్పుడు స్క్రీన్ మీదైనా చెప్పాలా వద్దా? ఏమీ జరగనట్టు బొమ్మ చూపిస్తూ పోతుంది. నా లెక్కలో తప్పు నూటికి నూరు పాళ్లూ టీవీ తయారుచేసినవాళ్లదే. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

స్పీకర్_శాస్త్రి

కాదనే అంటాను. డీటీఎస్ ఊరికే వచ్చేది కాదండీ. దాన్ని విప్పే సాఫ్ట్‌వేర్ టీవీలో పెట్టాలంటే కంపెనీ లైసెన్సు తీసుకోవాలి, దానికి డబ్బు కట్టాలి. పెద్ద స్ట్రీమింగ్ సర్వీసులు ఎక్కువగా ఏఏసీ, డాల్బీ డిజిటల్ ప్లస్ అనే వేరే ఆడియో ఫార్మాట్లు వాడతాయి. డీటీఎస్ కనిపించేది ఎక్కువగా బ్లూరే డిస్కుల్లో, వాటి నుంచి తీసిన ఫైళ్లలో. సామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి డీటీఎస్ మానేసింది. ఎల్‌జీ 2020లో తీసేసి, 2023లో కొన్ని మోడళ్లలో మళ్లీ పెట్టింది. అందుకే పాత టీవీలో చక్కగా మోగిన ఫైల్ అంతకన్నా ఖరీదైన కొత్త టీవీలో మూగబోతుంది. జనం వైఫై మార్చి, రౌటర్ మార్చి తల పట్టుకుంటారు.

ఇక చెప్పలేదన్న మాటకొస్తే, మాన్యువల్‌లో ఉందని మీరే అన్నారు కదా?

పాత_రిమోట్

కొన్నాక తెరిచే మాన్యువల్‌లో, అదీ చిట్టచివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో. దాన్ని చెప్పడం అంటారా శాస్త్రి గారూ?

నిద్రలేని_నక్క

నాదీ ఇదే సమస్య. యాప్ స్టోర్‌లో దొరికిన ఒక మిర్రరింగ్ యాప్‌తో ఫోన్ స్క్రీన్ మొత్తం టీవీలో చూపిస్తున్నా. ఏ వీడియో పెట్టినా సౌండ్ లేదు. నాదీ డీటీఎస్ గోలేనా?

వైఫై_వైద్యుడు

నక్క గారూ, మీది వేరే జబ్బు. వైర్ లేకుండా టీవీకి పంపడానికి మూడు దారులున్నాయి. ఎవరు ఏ దారిలో పంపుతున్నారో తెలియకుండా తప్పెవరిదో తేలదు.

మొదటిది మిర్రరింగ్. ఇందులో ఫైల్‌ని విప్పేది ఫోనే. విప్పిన బొమ్మని, సౌండ్‌ని మళ్లీ ప్యాక్ చేసి టీవీకి పంపుతుంది. 2012లో వైఫై అలయన్స్ తెచ్చిన మిరాకాస్ట్ అనే మిర్రరింగ్ పద్ధతినే చూడండి, అందులో 2 ఛానళ్ల పీసీఎం (అంటే కుదించని) ఆడియో ప్రతి పరికరానికీ తప్పనిసరి. లోపల ఉన్నది డీటీఎస్ అయినా, ఫోన్ దాన్ని విప్పగలిగితే చాలు, టీవీకి చేరేది మామూలు స్టీరియోనే. అంటే ఇక్కడ టీవీకి కోడెక్ (సౌండ్‌ని కుదించి, విప్పే పద్ధతి) రాదన్న మాటే లేదు.

మరి మీకు సౌండ్ ఎందుకు లేదు? ఫోన్‌తో పాటు వచ్చిన మిర్రరింగ్‌కి సిస్టమ్ అనుమతులుంటాయి. మీరు బయటి నుంచి దింపుకున్న యాప్‌కి అవి ఉండవు. ఆండ్రాయిడ్ 10కి ముందు, అంటే 2019 వరకు, మామూలు యాప్ ఏదీ ఇంకో యాప్ సౌండ్‌ని నేరుగా పట్టుకోలేకపోయేది. మైకులోంచి వినాల్సిందే. ఆండ్రాయిడ్ 10లో దారి తెరిచారు గానీ దానికి రెండు షరతులు పెట్టారు. మీరు రికార్డింగ్ అనుమతి ఇవ్వాలి, వీడియో ఆడుతున్న యాప్ కూడా ఒప్పుకోవాలి. ఆ యాప్ ఒప్పుకోకపోతే బొమ్మ వెళ్తుంది, సౌండ్ వెళ్లదు. ఆ యాప్ పక్కన పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉన్న స్క్రీన్ క్యాస్ట్‌తో పంపి చూడండి. అన్నట్టు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ ఫోన్‌కి కలిసి ఉన్నాయేమో కూడా చూడండి. డబ్బాలో పెట్టేశాం అనుకుంటాం, అవి కనెక్ట్ అయ్యే ఉంటాయి. సౌండ్ అందులోకి పోతుంటుంది.

రెండోది అసలు క్యాస్టింగ్. ఇందులో ఫోన్ రిమోట్ పని మాత్రమే చేస్తుంది. వీడియోని టీవీయే ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది, తనకు పడే ఆడియోని సర్వీసు నుంచి తీసుకుంటుంది. పాత రిమోట్ గారికి యూట్యూబ్‌లో ఏ లోటూ లేనిది అందుకే.

మూడోది డీఎల్ఎన్ఏ, ఇంట్లో ఒకే నెట్‌వర్క్ మీద ఉన్న పరికరాలు ఫైళ్లు పంచుకునే పద్ధతి. ఫోన్‌లో ఉన్న ఫైల్ ఉన్నదున్నట్టు టీవీకి వెళ్తుంది, విప్పాల్సిన భారం టీవీది. పాత రిమోట్ గారు ఇరుక్కున్నది ఇక్కడే. నా ఓటు మాత్రం టీవీ మీద కాదు, పంపిన యాప్ మీద. నేను ఏమేం తీసుకుంటానో ఇదీ అని టీవీ ముందే ఒక జాబితా ఇస్తుంది. యాప్ అది చూసి, పడని ఆడియో అయితే దారిలోనే మార్చి పంపాలి. వీఎల్‌సీ 2018లో వచ్చిన 3.0 నుంచి గూగుల్ వాళ్ల క్యాస్టింగ్ పరికరం క్రోమ్‌క్యాస్ట్‌కి పంపేటప్పుడు ఆ పనే చేస్తోంది. మిగతావాళ్లకేం రోగం?

ఎంకేవీ_మిత్రుడు

వైద్యుడు గారూ, చాలా బాగా చెప్పారు గానీ ఆ జాబితా దగ్గర పప్పులో కాలేశారు. ఎంకేవీ అనే సినిమా ఫైల్ రకం ఒక పెట్టె లాంటిది. లోపల వీడియో ఒకటి, ఆడియోలు రెండో మూడో, సబ్‌టైటిల్స్ ఉంటాయి. డీఎల్ఎన్ఏ జాబితాలో టీవీ చెప్పేది చాలావరకు పెట్టె పేరే. ఎంకేవీ తీసుకుంటాను అంటుంది, లోపల డీటీఎస్ ఉంటే నావల్ల కాదు అని అనదు. పాపం యాప్‌కి ఎలా తెలుస్తుంది? క్రోమ్‌క్యాస్ట్ లాంటి క్యాస్ట్ రిసీవర్ అయితే నయం, ఫలానా కోడెక్ వాయించగలవా అని దాన్ని అడగొచ్చు. డీఎల్ఎన్ఏ సంస్థ 2017లోనే మూతపడింది, ఇక ఆ జాబితాని బాగుచేసే నాథుడు లేడు.

కాబట్టి ఈ విషయంలో నేను పాత రిమోట్ గారి వైపే. తెలిసింది ఒక్క టీవీకే, చెప్పాల్సిందీ అదే.

వైఫై_వైద్యుడు

జాబితా సంగతి ఒప్పుకుంటాను. అయినా యాప్ చేతిలో ఫైల్ ఉంది కదా? లోపల డీటీఎస్ ఉందని దానికి తెలుసు. అన్ని టీవీలూ డీటీఎస్ విప్పవన్నదీ తెలుసు. సౌండ్ రాకపోతే ఇది నొక్కండి, మార్చి పంపుతాను అని ఒక బటన్ పెట్టడానికి టీవీ అనుమతి కావాలా? సర్వర్ పెట్టుకుని వాడే ప్లెక్స్, జెల్లీఫిన్ ఆ పని మనల్ని అడక్కుండానే చేస్తాయి. వీడియో ముట్టుకోకుండా ఆడియో ఒక్కటే మార్చడం ప్రాసెసర్‌కి పెద్ద బరువేం కాదు.

తీగలే_దిక్కు

ఇంత రామాయణం ఎందుకు? ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ వెనక గుచ్చండి. వైర్‌లెస్ అన్నాక ఇలాంటి తలనొప్పులు తప్పవు.

ఎంకేవీ_మిత్రుడు

గుచ్చినా రాదు సార్. విప్పేది అదే టీవీ, అదే సాఫ్ట్‌వేర్. ఫైల్ గాలిలో వచ్చినా పెన్‌డ్రైవ్‌లో వచ్చినా డీటీఎస్ డీటీఎస్సే. మీ పద్ధతిలో ఉన్న లాభం ఒక్కటే: రిమోట్‌తో రెండో ఆడియో ట్రాక్ ఎంచుకునే వీలు పెన్‌డ్రైవ్‌లో సాధారణంగా ఉంటుంది, వైర్‌లెస్‌గా పంపితే చాలాసార్లు ఉండదు. రెండో ట్రాక్ ఏఏసీ అయితే బతికిపోతారు.

చీకటి_హాలు

సౌండ్‌బార్ ఉన్నవాళ్లు ఇంకో మెలిక చూసుకోవాలి. టీవీ ఆడియో సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ అని ఉంటుంది. అది పాస్‌త్రూలో ఉంటే టీవీ ఆడియోని విప్పకుండా సౌండ్‌బార్ మీదికి తోసేస్తుంది. సౌండ్‌బార్‌కి ఆ ఫార్మాట్ రాకపోతే ఇద్దరూ మౌనం. పీసీఎంకి మార్చి చూడండి, చాలామందికి అక్కడే తేలిపోతుంది. టీవీ నుంచి హెచ్‌డీఎంఐ తీగ మీదే సౌండ్‌బార్‌కి సౌండ్ పంపే దారిని ఏఆర్‌సీ అంటారు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన మామూలు ఏఆర్‌సీ స్టీరియో పీసీఎం గానీ, కుదించిన 5.1 (6 ఛానళ్ల సౌండ్) గానీ మోస్తుంది, కుదించని 5.1, 7.1 లాంటి పెద్దవి మోయలేదు. వాటికి 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ కావాలి, అదీ రెండు వైపులా.

సౌండ్‌బార్ డీటీఎస్ విప్పగలదు కాబట్టి పాస్‌త్రూ పెడితే చాలనుకోకండి. లైసెన్సు లేని టీవీల్లో చాలావాటికి దాన్ని అలా దాటించడమూ రాదు.

ఇంకో రకం ఉంది, పాటలు వినబడతాయి, హీరో పెదాలు కదులుతాయి, మాట మాత్రం వినబడదు. 5.1లో మాటలు ఎక్కువగా మధ్య ఛానల్‌లో ఉంటాయి. స్టీరియోకి దించేటప్పుడు దాన్ని కలపకుండా ఎడమ, కుడి మాత్రమే తీసుకుంటే ఇలా అవుతుంది. ఇందులో టీవీని తిట్టాలా, యాప్‌ని తిట్టాలా అనేది మీ ఇష్టం.

నిద్రలేని_నక్క

వైద్యుడు గారూ, ఫోన్ సెట్టింగ్స్‌లోని క్యాస్ట్‌తో పంపితే సౌండ్ వచ్చేసింది! థ్యాంక్యూ అండీ. ఆ యాప్ తీసిపారేశా. ల్యాప్‌టాప్ నుంచి పంపితే మాత్రం బొమ్మ టీవీలో, సౌండ్ ల్యాప్‌టాప్‌లో. అదేంటి?

చీకటి_హాలు

విండోస్ అయితే కింద మూల స్పీకర్ గుర్తు నొక్కి, అవుట్‌పుట్‌గా టీవీ పేరు ఎంచుకోండి. టీవీ కలిసినా సౌండ్ పాత స్పీకర్‌కే అతుక్కుని ఉండిపోతుంది ఒక్కోసారి. క్రోమ్ నుంచి పంపుతుంటే స్క్రీన్ మొత్తం కాకుండా ఆ ట్యాబ్ ఒక్కటే పంపండి, ట్యాబ్ సౌండ్ దానితోపాటే వెళ్తుంది.

స్పీకర్_శాస్త్రి

అసలు వాదనకొద్దాం. ప్రపంచంలో ఉన్న ప్రతి ఫార్మాట్‌నీ ప్రతి టీవీ మోయాలనడం న్యాయం కాదు. డీటీఎస్ పెడితే రేపు ఇంకొకటి అంటారు. ఆ ఖర్చు డిస్కు ముఖం ఎరగనివాళ్ల మీద కూడా పడుతుంది. ఫైల్ ఉన్నవాడే దాన్ని మార్చుకోవడం తేలిక. ఆడియో ఒక్కటే ఏఏసీకి మార్చి, వీడియోని కాపీ చేస్తే కొద్ది నిమిషాల పని. బొమ్మ నాణ్యత చెక్కుచెదరదు. 1,509 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) డీటీఎస్ ట్రాక్ రెండు గంటల సినిమాకి దాదాపు 1.36 జీబీ తింటుంది. 192 కేబీపీఎస్ ఏఏసీ స్టీరియో అయితే 170 ఎంబీ చిల్లర. స్థలమూ కలిసొస్తుంది.

చీకటి_హాలు

స్థలం కోసం 6 ఛానళ్లని 2 చేసి, అసలుది చెరిపేయమంటారా? ఇవాళ టీవీ స్పీకర్లే దిక్కు, నిజమే. రేపు మంచి హోమ్ థియేటర్ రిసీవర్ కొంటే ఆ ఛానళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఒకసారి కలిపేసిన సౌండ్‌ని మళ్లీ విడదీసి మొదటిలా చేయలేం. టీవీ కంపెనీ మిగుల్చుకున్న లైసెన్సు డబ్బు కోసం మన ఫైళ్లు మనమే పాడుచేసుకోవాలా? ఇదెక్కడి న్యాయం శాస్త్రి గారూ?

స్పీకర్_శాస్త్రి

టీవీ స్పీకర్లలో వినేవాళ్లలో నూటికి ఎంతమంది రేపు రిసీవర్ కొంటారో మీరే చెప్పండి.

ఎంకేవీ_మిత్రుడు

ఇద్దరూ అనవసరంగా కొట్టుకుంటున్నారు. అసలుది చెరపక్కర్లేదు. స్టీరియో ఏఏసీ ట్రాక్ ఒకటి తయారుచేసి పెట్టెలో మొదటి ఆడియోగా పెట్టండి, డిఫాల్ట్ గుర్తు దానికివ్వండి, డీటీఎస్‌ని రెండో స్థానానికి జరపండి. ట్రాక్ ఎంచుకునే వీలు లేనప్పుడు టీవీలు సాధారణంగా మొదటి దాన్నే తీసుకుంటాయి. 170 ఎంబీ పెరుగుతుంది, పోయేదేం లేదు. మార్చేటప్పుడు మధ్య ఛానల్ కలిసిందో లేదో, మాటలున్న సీన్ ఒకటి ఫోన్‌లో విని చూసుకోండి.

పాత_రిమోట్

మిత్రుడు గారు చెప్పినట్టే చేశాను, సౌండ్ వచ్చింది, థ్యాంక్స్. శాస్త్రి గారూ, ప్రతి ఫార్మాట్‌నీ మోయమని నేను అడగను, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నేనసలు అననే లేదు. నేనడిగేది స్క్రీన్ మీద ఒక్క లైను: ఈ ఫైల్‌లోని ఆడియోని ఈ టీవీ వినిపించలేదు అని. దానికి లైసెన్సు ఫీజు లేదు కదా?

స్పీకర్_శాస్త్రి

లేదు. కొన్ని టీవీలు ఆ లైను చూపిస్తున్నాయి కూడా. మీది చూపించకపోవడం సోమరితనం, అందులో మీతో పేచీ లేదు. డీటీఎస్ తీసేయడం తప్పంటే మాత్రం ఒప్పుకోను.

చీకటి_హాలు

నేను ఒప్పుకుంటాను. పాత మోడల్‌లో ఇచ్చి కొత్తదాంట్లో పీకేసినప్పుడు ఆ సంగతి అట్టపెట్టె మీదే ఉండాలి.