‘తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి’

ఇది సామెతా, సినిమా డైలాగా అని మొన్న ఒకరు అడిగారు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో అగ్నిహోత్రావధానుల మాట ఇది. నాటకం 1892లో మొదటిసారి ఆడారు. 1955లో పి. పుల్లయ్య గారు దాన్ని సినిమా తీశారు. గిరీశంగా ఎన్టీఆర్, మధురవాణిగా సావిత్రి, అవధానులుగా విన్నకోట రామన్న పంతులు. అంతమంది హేమాహేమీల్ని ఒకేచోట చూడటం ఇప్పటికీ పండగే. ఒడిశాలోని రాయగడలో పెరిగిన నాకు నాటకం కంటే ముందు తెలిసింది ఆ సినిమాయే.

ఇప్పుడు ఈ మాట దేనికైనా వాడేస్తున్నాం. ఇంట్లో ఎవర్నీ అడక్కుండా రైలు టికెట్లు కొనేసి కూడా ‘తాంబూలాలిచ్చేశాను’ అంటాం. నాటకంలో అవధానులు పద్దెనిమిది వందలకి తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఖాయం చేసి వచ్చి అన్న మాట అది.

పోయినేడు మా పక్కింటి ఒడియావాళ్ళ అమ్మాయికి నిశ్చితార్థం. పిలవడానికి వచ్చినావిడ ‘నిర్బంధ’ అనేసరికి, బొబ్బిలి నుంచి వచ్చిన మా పెద్దమ్మ బిత్తరపోయింది. ఒడియాలో నిశ్చితార్థానికి అదే మాట. ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు పెట్టి చేతులు మారిస్తే మనకి తాంబూలాలు. మాట ఇచ్చి కట్టుబడితే వాళ్ళకి నిర్బంధ. ఆ రోజు నుంచి సుబ్బి పెళ్ళి తలుచుకుంటే నాకు రెండో మాటే, అదీ మన తెలుగు అర్థంలోనే, సరైనదనిపిస్తుంది.

గురజాడ ఊహించి రాసింది కాదిది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళు 1,034 అని ఆయనే ముందుమాటలో లెక్క చెప్పారు. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. అప్పట్లో మా రాయగడ కూడా ఆ జిల్లాలోదే.

వ్యాఖ్య: బావుందండీ. మరి ‘చావండి’ అన్నది గౌరవానికా?

జవాబు: కాదమ్మా, బహువచనం. ఈ సంబంధం వద్దంటున్న భార్య వెంకమ్మనీ, బావమరిది కరటకశాస్త్రినీ, ఇంట్లోవాళ్ళందర్నీ కలిపి అన్నాడు. మీలో మీరు కొట్టుకోండి, నా పని అయిపోయింది అని. సుబ్బిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ‘మీరు’లో కూడా ఆ పిల్ల లేదు.