పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో పక్షిని పెంచొచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
అందరికీ నమస్కారం. మాది రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్. ఇప్పటికే మూడేళ్ల నాటు పిల్లి, ఆరేళ్ల లాబ్రడార్ ఉన్నాయి. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. సెలవుల్లో రాజమండ్రి వెళ్తే వాళ్ల అమ్మమ్మ చిన్నప్పుడు పెంచిన రామచిలుక కబుర్లన్నీ చెప్పింది. అప్పట్నుంచి చిలుక కావాలని ఇంట్లో ఒకటే గొడవ. బాల్కనీకి పావురాలు రాకుండా నెట్ కట్టించాం. అక్కడ పంజరం వేలాడదీస్తే సరిపోతుందా? కుక్క మెతక, ఎవరినీ ఏమీ అనదు. పిల్లి మీదే నా అనుమానం. మొన్న బల్లిని పట్టుకొచ్చి నా దిండు మీద పెట్టింది. ఏ పక్షి తెచ్చుకోవాలి, ఎలా ఉంచాలి?

జవాబు (విజయవాడ నుంచి):
అమ్మా, ముందు రామచిలుక మాట మర్చిపోండి. మన తోటల్లో తిరిగే చిలుకల్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమ్మమ్మల కాలంలో పెంచేవారు, ఇప్పుడు కుదరదు. రంగు పూసి అమ్మే మునియా పిట్టలకీ ఇదే చట్టం. మనం తెచ్చుకోదగ్గవి బయటి దేశాలవి, ఇక్కడే పంజరాల్లో తరతరాలుగా పుట్టి పెరుగుతున్నవి: బడ్జీలు (బజార్లో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు ఇవే), కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక), జీబ్రా ఫించ్ (పిచ్చుకలాంటి చిన్న పిట్ట). ఆఫ్రికన్ గ్రే లాంటి పెద్ద చిలుకైతే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. మీకు ఆ గొడవ ఎందుకు?

నన్నడిగితే మీ ఇంటికి కాకటీల్ వద్దు. చక్కగా మచ్చికవుతుంది, ఈల వేస్తుంది, నిజమే. కానీ అది ఒంటరిగా ఉంటే రోజూ గంటల తరబడి బయటికి తీసి భుజం మీద తిప్పాలి. పిల్లి ఉన్న ఇంట్లో బయటికి తీసిన ప్రతిసారీ గండమే. పైగా 15 ఏళ్లు దాటి బతుకుతుంది. మీ పాప చదువుకి వెళ్లిపోయినా అది మీ దగ్గరే ఉంటుంది. దాని రెక్కల నుంచి తెల్లటి పొడి రాలుతుంది, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే ఇంకా కష్టం. అదే బడ్జీల జత అయితే ఒకదానికొకటి తోడు. పంజరం పొడుగ్గా ఉంటే లోపలే ఎగురుతాయి, రోజూ బయటికి తీయాల్సిన పని లేదు. పిల్లలు వద్దనుకుంటే పంజరంలో మట్టి కుండ కట్టకండి, కుండ లేకపోతే అవి గుడ్లు పెట్టడం అరుదు.

పంజరం కొనేటప్పుడు షాపువాడు అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్నది చూపిస్తాడు. తీసుకోకండి. పక్షి అడ్డంగా ఎగురుతుంది, లిఫ్టులా పైకీ కిందకీ కాదు. కనీసం రెండున్నర అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు ఉండాలి. కమ్మీల మధ్య అర అంగుళం మించితే బడ్జీ తల ఇరుక్కుంటుంది, పిల్లి పంజా లోపలికి దూరుతుంది. పైకి జరిపే తలుపులకు ఒక్కోదానికి ఒక క్లిప్పు పెట్టండి. ఆ తలుపుల్ని పిల్లి గోటితో ఎత్తడం నేను చూశాను.

బాల్కనీ మాత్రం వద్దే వద్దు. ఆ నెట్ పావురాన్ని ఆపుతుంది గానీ ఎలుకని ఆపదు. మేలో హైదరాబాద్ ఎండ సరేసరి. వంటింటి దగ్గరా వద్దు. ఖాళీ నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగ మనకి తెలియకపోవచ్చు, పక్షి నిమిషాల్లో పోతుంది. దోమల కాయిల్, సాంబ్రాణి కూడా పక్షి ఉన్న గదిలోకి రాకూడదు.

అసలు సంగతి గది. పంజరం పిల్లి పంజాని ఆపుతుంది, పిల్లి చూపుని ఆపదు. శత్రువు ఎదురుగా కూర్చుని గంటలకొద్దీ చూస్తుంటే పక్షి ఈకలు ఒంటికి అదిమేసుకుని కొయ్యబొమ్మలా ఉండిపోతుంది, తిండి మానేస్తుంది. అది అలవాటైపోవడం అనుకుంటారు చాలామంది. తలుపు మూసుకునే గది ఇవ్వగలిగితేనే తెచ్చుకోండి.

జవాబు (వరంగల్ నుంచి):
మరీ అంత భయపెట్టకండి సార్. మా పిల్లి, కాకటీల్ రెండేళ్లుగా ఒకే హాల్లో ఉంటున్నాయి. పిల్లి పట్టించుకోనే పట్టించుకోదు. పిల్లప్పటి నుంచి కలిపి పెంచితే ఏమీ కాదు.

జవాబు (విజయవాడ నుంచి):
తమ్ముడూ, నేనూ ఇదే మాట అనేవాణ్ణి. మా పిల్లి నాలుగు నెలలు పంజరం కిందే పడుకుంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బడ్జీలు రెక్కలు కొట్టాయో ఏమో, నిద్రలో ఉన్నది లేచి కమ్మీల్లోంచి చెయ్యి పెట్టేసింది. నేను పక్క గదిలోంచి వచ్చేసరికి అంతా సద్దుమణిగింది. ఒక దానికి రెక్క కింద ఆవగింజంత రక్తం. పసుపు రాసి, గండం తప్పిందనుకున్నాం. మర్నాడు ఉబ్బరించుకుని కూర్చుంది, సాయంత్రానికి పంజరం అడుక్కి వచ్చేసింది. అంతే. తర్వాత డాక్టరు చెప్పారు, పిల్లి నోట్లో, నాక్కోవడం వల్ల గోళ్ల మీద కూడా ఉండే పాశ్చురెల్లా అనే బాక్టీరియా పక్షి రక్తంలోకి వెళ్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుందని. వెంటనే తీసుకొస్తే యాంటీబయాటిక్ ఇచ్చేవారట. పిల్లి గీరినా, కొరికినా, గాయం కనపడకపోయినా సరే, అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

జవాబు (పశువైద్యుడిని, కర్నూలు):
పై మాట నిజం. దానికి కుక్క గురించి కలుపుతాను. లాబ్రడార్ కొరకకపోయినా, ఆడుకోవడానికి మెత్తగా నోట కరుచుకుంటుంది. పక్షికి మనలా డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) ఉండదు, ఛాతీ ఆడితేనే ఊపిరి. ఛాతీని నొక్కి పట్టుకుంటే చాలు, ఊపిరాడక పోతుంది. పాపకీ ఇదే చెప్పండి, గుప్పిట బిగించొద్దని. లాబ్రడార్ తోక తగిలి పంజరం స్టాండ్లు పడటం నాకు కొత్త కాదు, కాబట్టి స్టాండు అడుగు బరువుగా ఉండాలి, పంజరం ఒక వైపు గోడకి ఆనాలి. తిండికి కొర్రలు, పాలకూర, కొత్తిమీర, ఒక సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క. చాక్లెట్, అవకాడో పెట్టకూడదు. రెట్టల కాగితం ఎండిపోయాక దులపకండి, తడిపి తీయండి. ఆ ధూళి ద్వారా మనుషులకీ జబ్బులు వస్తాయి.

ప్రశ్న వేసినవారు:
అందరికీ థాంక్స్. చిన్న బెడ్‌రూము ఖాళీ చేద్దామనుకుంటున్నాం. ఒకటే చిక్కు, దాని తలుపుకి కిందకి నొక్కే హ్యాండిల్ ఉంది. మా పిల్లి ఎగిరి దానికి వేలాడి తలుపు తీసేస్తుంది!

జవాబు (విజయవాడ నుంచి):
బయట, మనిషి భుజమెత్తులో ఒక గడియ బిగించండి, దాన్ని తీయడం పిల్లి వల్ల కాదు. పక్షుల్ని తెచ్చే ముందు రెండు వారాలు ఆ గదిలో ఖాళీ పంజరం ఉంచి చూడండి. ఇంట్లో అందరూ గడియ వేస్తున్నారో లేదో తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారు (పది రోజుల తర్వాత):
గడియ పెట్టించి, ఖాళీ పంజరం ఉంచాం. లోపల పాప రెండు కాగితం పక్షుల్ని కూడా కట్టింది. మూడో రోజు పాల ప్యాకెట్లవాడు బెల్ కొడితే గడియ వేయకుండా పరుగెత్తా. వచ్చి చూస్తే పిల్లి పంజరం మీద పడుకుని ఉంది, ఒక కాగితం పక్షి కింద ముక్కలై ఉంది. పాపే అంది, ఇప్పుడే వద్దమ్మా అని. తలుపుకి దానంతటది మూసుకునే స్ప్రింగ్ పెట్టించాలి, దానికి ఓనరు ఒప్పుకోవాలి. అలాంటి స్ప్రింగ్ ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.