బరోయింగ్ అవుల్: పైపు పాతినా కలుగు ఖాళీగానే ఎందుకుంటుంది?

పచ్చికబయలు:
నేల కలుగుల్లో గూడు పెట్టే బరోయింగ్ అవుల్ అనే గుడ్లగూబ కోసం ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లో పెట్టె, పైపు పాతి కృత్రిమ కలుగులు చేస్తారు కదా. కొన్నిట్లోకి పిట్ట తొంగి కూడా చూడదు. లోపం ఎక్కడుంటుంది? ఇంకోటి, అది గుమ్మం ముందు పేడ పరుచుకునేది వాసన దాచుకోవడానికేనా?

మట్టిగడ్డ:
పైపు సంగతి తర్వాతండీ, ముందు గడ్డి చూడండి. ఈ పిట్ట ఉండేదే 19–25 సెం.మీ. కాళ్లు మాత్రం సన్నగా, పొడుగ్గా, ఈకలు పలచగా ఉంటాయి. నేలమీద నిలబడి దూరం చూడ్డానికి, పురుగుల వెంట పరిగెత్తడానికి పనికొచ్చే కాళ్లవి. చుట్టూ గడ్డి తలకంటే ఎత్తు పెరిగితే ఆ పొడుగుకు అర్థమే లేదు, దీన్ని వేటాడే బ్యాడ్జర్ అనే జంతువు పక్కకొచ్చేదాకా కనబడదు. ప్రెయిరీ డాగులు (పేరుకే కుక్కలు, నిజానికి ఉడత జాతివి), నేల ఉడతలు ఈ పిట్ట చేరే కలుగు తవ్వడమే కాదు, గడ్డినీ కొరికి పొట్టిగా ఉంచుతాయి. వాటికి మందు పెట్టి చంపిన చోట రెండూ పోతాయి. మీరు పైపుతో తిరిగిచ్చేది ఒకటే. గడ్డి కోయడమో, పశువుల్ని మేపడమో కూడా జరగాలి.

ఇక కట్టుబడి: 10 సెం.మీ. వ్యాసం ఉన్న మడతల పైపు, 2–3 మీటర్ల పొడవు, మధ్యలో ఒక్క వంపు. వంపు లేకపోతే గూటిదాకా వెలుగు పడుతుంది. నున్నటి పైపులో కూనల కాళ్లు జారతాయి. పైపు వెడల్పు పెంచితే మేలని చాలామంది అనుకుంటారు, అది పెద్ద జంతువుకు దారి ఇవ్వడమే. వెడల్పు పెంచాల్సింది గూటి గది, అంటే పాతే పెట్టె. గదికి అడుగు బిగించొద్దు, మట్టినేల ఉంటేనే చెమ్మ ఇంకుతుంది. వాననీరు నిలిచే పల్లంలో పాతితే ఎంత చక్కగా కట్టినా వృథా.

రేచూపు:
పేడ వాసన దాచడానికన్నది పాత మాట. ఫ్లోరిడాలో పరీక్షించి 2004లో ప్రచురించిన ఫలితం ప్రకారం, గుమ్మంలో పేడ ఉన్నప్పుడు ఈ గుడ్లగూబలు పేడపురుగుల్ని దాదాపు 10 రెట్లు ఎక్కువ తిన్నాయి. గుడ్లను శత్రువుల నుంచి కాపాడటంలో మాత్రం పేడ వల్ల తేడా రాలేదు. అంటే అది ఎర. శుభ్రం చేస్తున్నామని ఊడ్చేస్తే వాటి కంచం లాగేసినట్టే!

లోపలి సంగతీ చూడండి. 28–30 రోజులు పొదిగేది ఆడపిట్టే. మగది పగలంతా ఎండలో కాపలా ఉండి రంగు వెలిసిపోతుంది. గూట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఈ జాతి దాన్ని మిగతా పక్షులకంటే బాగా తట్టుకుంటుంది. ఎవరైనా కలుగులోకి దూరబోతే కూనలు ర్యాటిల్‌స్నేక్ (తోకతో గలగల చప్పుడు చేసే విషప్పాము) తోక ఆడించినట్టే బుసకొడతాయి.

పచ్చికబయలు:
ఫ్లోరిడాలో ఈ గుడ్లగూబలే కలుగులు తవ్వుకుంటాయంటారు. అక్కడా పైపు కావాలా?

మట్టిగడ్డ:
అక్కర్లేదండీ, అక్కడిది ఇసుకనేల. సుమారు 60 సెం.మీ. వెడల్పున గడ్డిపెళ్ల ఎత్తేసి, ఏటవాలుగా కాస్త తవ్వి వదిలితే చాలు, మిగతాది అవే తవ్వుకుంటాయి. తీసిన మట్టి గుమ్మం పక్కనే గుట్టగా పోయండి, కాపలాకు అదెక్కి నిలబడతాయి. పైపు పెట్టే చోటైతే ఒక్కటే పాతి ఊరుకోవద్దు. కాస్త ఎదిగిన కూనలు ఒకే కలుగులో ఉండవు, పక్కపక్క కలుగుల్లోకి సర్దుకుంటాయి.