తప్పుల తడకలో తడక ఎక్కడిది?

వడ్రంగి రాసిచ్చిన చీటీతో మొదలైంది ఇదంతా. మా ఫ్లాట్‌లో ముందు గుమ్మానికి ఒకటి, బాల్కనీకి ఒకటి, సన్న జాలీ బిగించిన తలుపులు చేయించాం. అతను చీటీ మీద "దోమ డోరు – 2" అని రాశాడు. "దోమలు రావడానికి వేరే డోరా?" అని మా ఆవిడ ఒకటే నవ్వు. నవ్వడం అయ్యాక నాకు అనుమానం పట్టుకుంది. మరి దాన్ని ఏమనాలి? మేం మెష్ డోర్ అంటాం, పక్కింటివాళ్లు జాలీ తలుపు అంటారు. దోమతెర అంటే మంచం చుట్టూ కట్టుకునేదే గుర్తొస్తుంది.

మా నాన్న ఫోన్‌లో విని "తడిక అనరాదుట్రా, ఇంత తర్జనభర్జన ఎందుకు?" అన్నారు. తడిక అంటే నాకు తెలిసింది తాటాకు పాకకు ఉండేది. తడక అంటే తెలిసింది "తప్పుల తడక" ఒక్కటే. రెండూ ఒకటేనా? తప్పులకీ తడకకీ ఏమిటి సంబంధం? తెలిసినవారు చెప్పండి.

తెనాలి మాస్టారు:
ముందు ఆ వడ్రంగి పక్షాన ఒక మాట. దోమ డోరు అంటే దోమల కోసం డోరు అని అర్థం తీస్తే, పురుగుల మందు పురుగులకు ఒంట్లో బాగోనప్పుడు వేసేది కావాలి. చలికోటు చలికి తొడిగేది కావాలి. మన సమాసాలు అలాగే నడుస్తాయి, దేన్నుంచి కాపాడుతుందో దాని పేరే ముందు పెడతాం. దోమతెరా అంతే. అమ్మాయిగారిని నవ్వుకోనివ్వండి గానీ, అతను రాసిన దాంట్లో తప్పు లేదు.

ఇక తడిక, తడక ఒకటే మాట. తాటాకో, కొబ్బరాకో, వెదురు బద్దలో అడ్డంగా నిలువుగా అల్లి, చుట్టూ బొంగులతో చట్రం కడితే తడిక. పాకకు ద్వారబంధం ఉండదు, మడతబందులు ఉండవు. ఒక పక్క గుంజకు తాళ్లతో కడితే అదే తలుపు. ఎండ పడే వైపు నిలబెడితే అదే గోడ. మా చిన్నప్పుడు దొడ్లో స్నానాల గది అంటే మూడు తడికలే.

తప్పుల తడక అంటే తప్పులతో అల్లిన తడక. ప్రతి బద్దా ఇంకో బద్దను పట్టుకుని ఉన్నట్టు, ఒక తప్పును ఇంకో తప్పు పట్టుకుని ఉంటుంది. ఒకటి దిద్దబోతే నాలుగు ఊడి వస్తాయి. పరీక్ష పేపర్లు దిద్దినవాడికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కరీంనగర్ నుంచి:
మాస్టారూ, నేను వేరేలా అనుకునేదాన్ని. తడకకి ఎన్ని సందులో ఆ రాతకి అన్ని తప్పులని. దూరం నుంచి చూస్తే నిండుగా, గట్టిగా కనిపిస్తది. దగ్గరికి పోయి కన్ను ఆనిస్తే అవతల ఇల్లంతా కనిపిస్తది. తప్పులున్న రాత కూడా అంతే కదా, పైకి బాగానే ఉంటది.

తెనాలి మాస్టారు:
బాగుందమ్మా. నా దాంట్లో అల్లిక ఉంది, నీ దాంట్లో సందులున్నాయి. జాతీయం పుట్టినప్పుడు మనలో ఎవరమూ పక్కన లేం కాబట్టి రెండూ ఉండనిద్దాం. ఈ జాలీ తలుపు విషయానికి మాత్రం నీ అర్థమే పనికొస్తుంది. తలుపు మూస్తే గాలి కూడా ఆగిపోతుంది. తడిక అయితే మనిషి చూపును ఆపుతుంది, కుక్కను ఆపుతుంది, గాలిని పోనిస్తుంది.

అనంతపురం నుంచి:
తడి నుంచి తడిక వచ్చిందేమో అని నా ఊహ. మా తాతగారి ఆఫీసులో ఏప్రిల్ రాగానే కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టేవారట. గంటకోసారి ఒక మనిషి వచ్చి చెంబుతో నీళ్లు చల్లేవాడు. వడగాలి వాటిలోంచి వచ్చేసరికి చల్లబడి, వాసన వేసుకుంటూ లోపలికి వచ్చేదట. తడిపేది కాబట్టి తడిక!

తెనాలి మాస్టారు:
వినడానికి ఇంపుగా ఉంది గానీ ఒప్పుకోలేను. పాకల్లో తడికలను ఎవరూ తడపలేదు. తడిపితే చెదలు పట్టి ఏడాదిలో కూలతాయి. కన్నడంలో తడికె ఉంది, అర్థం అదే. తమిళంలో తట్టి ఉంది. అడ్డుకోవడాన్ని తమిళులు తడు అంటారు, కన్నడిగులకు తడె ఉంది. తడిక పుట్టిల్లు అటువైపు వెతకడం మేలు, నీళ్ల చెంబులో కాదు.

వట్టివేరు మాటకు మాత్రం పెద్ద ప్రయాణమే ఉంది. తమిళ వెట్టివేర్ ఫ్రెంచివాళ్ల నోట పడి, అక్కణ్ణుంచి ఇంగ్లీషుకు పోయి వెటివర్ అయింది. ఇప్పుడు అదే సెంటు సీసా మీద తిరిగి మన కొట్టుకే వస్తోంది. సంస్కృతంలో ఉశీరం.

హైదరాబాద్, పాతబస్తీ నుంచి:
ఈ చర్చలో నేను రాకపోతే బాగుండదు. మా ఇంట్లో ఆ వట్టివేళ్ల తడికను ఖస్ కీ టట్టీ అనేవారు. స్కూల్లో తెలుగు దోస్తులకు ఈ మాట చెప్పి, ఏడాదంతా వాళ్ల నవ్వులు భరించాను. టట్టీకి అసలు అర్థం తడికే! ఆరుబయట తడికలు అడ్డం పెట్టుకున్న చోటు కాబట్టి మరుగుదొడ్డికి ఆ పేరు వచ్చింది, తర్వాత అక్కడ చేసే పనికీ అదే పేరు అయింది. ఇప్పుడు అడ్డుతెర అనే అర్థం చాలామందికి గుర్తే లేదు. వేటగాళ్లు కొమ్మల తడిక వెనక దాక్కునేవారు కదా, దాన్నుంచి వచ్చిందే ధోకే కీ టట్టీ. మీ తడకలో తప్పులున్నాయి, మా దాంట్లో మోసం ఉంది.

తెనాలి మాస్టారు:
భాయ్, తెలుగువాళ్లు నవ్వడానికి వీల్లేదు. దొడ్డి అంటే పశువుల కొట్టం, ఇంటి వెనక ఆవరణ. దొడ్డికి వెళ్లడం అంటే ఏమైందో అందరికీ తెలుసు. మీరే రాసిన మరుగుదొడ్డిలో మొదటి సగం చూడండి, మరుగు. అదీ అడ్డే.

మచిలీపట్నం నుంచి:
మాటల సంగతి మాస్టారు చూసుకుంటారు, నేను ఇంటి సంగతి చెప్తాను. అనంతపురం వాళ్ల తడిక మా ఊళ్లో పని చేయదు. నీరు ఆవిరైతేనే చల్లదనం. ఒక లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పడుతుంది, ఆ వేడిని గాలి నుంచే లాక్కుంటుంది. అంటే 1.5 కిలోవాట్ల గీజరు దాదాపు అరగంట ఇచ్చే వేడి అన్నమాట. కానీ సముద్రపు గాలి ముందే తడిసి వస్తుంది, ఇంకా ఎక్కడ ఆవిరవుతుంది? మాకు తడిక కడితే గది ఉడుకు, ఒళ్లు జిడ్డు. కూలర్ కూడా అంతే. మాకు కావలసింది గాలి ఆడటం. సాయంత్రం సముద్రం మీంచి గాలి వచ్చేసరికి ముందు తలుపూ వెనక తలుపూ ఎదురెదురుగా తీసి ఉండాలి.

అదే వేళకు దోమలూ వస్తాయి! జాలీ తలుపు విలువ అక్కడే ఉంది. దోమలకని ఆరింటికే తలుపులన్నీ వేసేసుకుంటే, పగలంతా వేడెక్కిన స్లాబు రాత్రంతా మనమీదే ఆ వేడి దింపుతుంది. తలుపు తీసి ఉండాలి, మూసీ ఉండాలి. ఒక్క విషయం, జాలీ కొంత గాలిని తింటుంది. దుమ్ము పట్టిందంటే ఇంకా తింటుంది. నెలకోసారి తడిగుడ్డతో తుడవకపోతే అది జాలీ కాదు, గోడే.

కరీంనగర్ నుంచి:
అక్కా, మాకు ఉల్టా. మేలో పొద్దున తొమ్మిదింటికే కిటికీలన్నీ బందు, పరదాలు దించుడే. బయటి గాలి లోపలి గాలి కన్నా వేడి కదా. రాత్రి బయట చల్లబడినంక అన్నీ తీస్తం. జాలీ ఉంటే ఆ రాత్రంతా తీసి పెట్టొచ్చు.

ఫీనిక్స్, అరిజోనా నుంచి:
ఇక్కడా కరీంనగర్ లెక్కే. ఎడారి కాబట్టి పాత ఇళ్లకు పైకప్పు మీద నీళ్ల కూలర్లు ఉండేవి, ఇంకా కొన్ని ఉన్నాయి. జూలైలో వానగాలి మొదలవగానే అవి మచిలీపట్నం అక్కయ్య చెప్పినట్టే చేతులెత్తేస్తాయి. స్క్రీన్ డోర్ ఇక్కడ ఇంటింటికీ మామూలే. దానికో స్ప్రింగ్ ఉంటుంది, పిల్లలు వదిలేసి పరిగెత్తితే ఠప్పున కొట్టుకుంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు దాన్ని "ఠప్ తలుపు" అనేది. పోటీలో ఈ పేరు కూడా రాసుకోండి.

సికింద్రాబాద్ నుంచి:
నాకు తడిక మీద ఒక అభ్యంతరం ఉంది. తడిక దోమను ఆపదు, ఏనాడూ ఆపలేదు. ఆపాలని ఎవరూ అనుకోలేదు కూడా, అది కోడికీ కుక్కకీ అడ్డం. మలేరియా దోమ ద్వారా వస్తుందన్న గుట్టు రొనాల్డ్ రాస్ విప్పింది మా ఊళ్లోనే, 1897 ఆగస్టు 20న దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూసి. దోమకు అడ్డం కట్టాలన్న పట్టుదల పెరిగింది ఆ తర్వాతే. ఇప్పుడు మామూలుగా దొరికే జాలీలో అంగుళానికి ఒకవైపు 18, ఇంకోవైపు 16 గళ్లు ఉంటాయి, అంటే చదరపు అంగుళానికి 288. తాటాకు తడికలో దోమ కాదు, తూనీగ కూడా దూరిపోతుంది. కొత్త వస్తువుకు పాత పేరు పెడితే కొనేవాడికి ఏం అర్థమవుతుంది?

తెనాలి మాస్టారు:
కొత్త వస్తువుకు పాత పేరు పెట్టకపోతే ఇవాళ మనకు ఏ పేరూ ఉండేది కాదు బాబూ. తెర అంటే ఒకప్పుడు గుడ్డ. సినిమా వచ్చాక వెండితెర, టీవీ వచ్చాక బుల్లితెర అయింది. తడిక ఒక్కటే చాలదంటే జాలీ తడిక అనండి. జాలీ కూడా సంస్కృత జాలం, అంటే వల, దాని చుట్టమే. మశక నివారక ద్వారం లాంటిది మాత్రం ఎవరూ తయారు చేయకండి, చేతులు జోడిస్తున్నా.

మొదట అడిగిన నేను:
అందరికీ ధన్యవాదాలు. మా ఇంట్లో జాలీ తడిక ఖాయమైంది. మా నాన్న జాలీ కూడా దండగ అంటున్నారు. వంటింటి కిటికీలకు కూడా చేయించాలని నిన్న వడ్రంగికి ఫోన్ చేసి, ఉత్సాహం కొద్దీ "ఇంకో నాలుగు తడికలు కావాలి, కొలతలకు ఎప్పుడొస్తావ్?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తడికలు మేం చేయం సార్, వెదురు బొంగులు అమ్మే కాడ అడగండి" అన్నాడు.

దోమ డోర్లు అని చెప్తే ఆదివారం వస్తానన్నాడు.