ఎండాకాలంలో కాపర్ కార్బాక్సిలేట్ క్రిస్టల్స్ ఎవరెలా పెంచుతున్నారు?

తార్నాక_కుర్రాడు:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు, కాపర్‌కి బెంజోయేట్ లాంటి ఆమ్ల అయాన్లు అతుక్కున్న సమ్మేళనం కావాలి. మిథనాల్‌లో కాపర్ నైట్రేట్, సోడియం బెంజోయేట్ కలిపి పిరిడిన్ చుక్కలుగా వేస్తున్నాను. ఫిల్టర్ చేసి బీకర్ బల్ల మీద పెడితే తెల్లారేసరికి అంచుల వెంట పొడి పాకి ఉంటోంది. ఎక్స్‌రేతో నిర్మాణం చూడ్డానికి పనికొచ్చే క్రిస్టల్ ఒక్కటీ లేదు. మే నెలలో మన హైదరాబాద్‌లో మీరంతా ఏం చేస్తారు?

నీలిగాజు:
బీకర్ వద్దు తమ్ముడూ, సన్నటి వయల్ (చిన్న గాజు సీసా) తీసుకో. ఈ ఎండకి మిథనాల్ చకచకా ఎగిరిపోతుంది, క్రిస్టల్ కట్టుకునే వ్యవధే ఉండదు. పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి సూదితో ఒకట్రెండు బెజ్జాలు పెట్టు, ఎవరూ కదపని మూల చూసి వదిలెయ్. ఈథర్ ఆవిరి పద్ధతి ఇంకా మేలు: చిన్న వయల్‌లో ద్రావణం, దాన్ని పెద్ద సీసాలో నిలబెట్టి అడుగున డైఇథైల్ ఈథర్. కానీ ఈథర్ 35 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఏసీ గదిలోనే పెట్టు. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లో అసలు పెట్టొద్దు, లోపల చిన్న నిప్పురవ్వ వచ్చినా అంటుకుంటుంది.

గచ్చిబౌలి_అక్క:
నేనైతే నైట్రేట్ బదులు కాపర్ ఎసిటేట్‌తో మొదలుపెడతాను. బెంజోయిక్ యాసిడ్ ప్రోటాన్‌ని ఎసిటేటే తీసుకుంటుంది, విడిగా క్షారం పోయనక్కర్లేదు. క్షారం ఎక్కువైతే హైడ్రాక్సైడ్ దిగిపోతుంది, నీ పొడిలో అదీ ఉండొచ్చు.

ఇంకో లాభం, కాపర్ ఎసిటేట్ మోనోహైడ్రేట్‌లోనే ప్యాడిల్‌వీల్ (తెడ్ల చక్రం) ఆకారం ఉంది: రెండు కాపర్లు, వాటిని కలుపుతూ నాలుగు ఎసిటేట్లు, రెండు చివర్లా నీళ్లు. కాపర్ల మధ్య దూరం సుమారు 2.6 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఈ కథంటే నాకు ప్రాణం. అవి జంటలుగా ఉన్నాయని బ్లీనీ, బోవర్స్ 1952లో అయస్కాంత కొలతలతోనే చెప్పారు. వాన్ నీకెర్క్, షోనింగ్‌ల ఎక్స్‌రే నిర్మాణం 1953లో వచ్చింది. గది ఉష్ణోగ్రతలో ఒక్కో కాపర్ అయస్కాంత మొమెంట్ 1.73 బోర్ మాగ్నెటాన్లు ఉండాల్సింది, ఈ జంట వల్ల 1.4 దగ్గరే ఆగుతుంది. నీ పొడికీ ముందు అది కొలిపించు.

పిరిడిన్ తక్కువే వెయ్. ఎక్కువైతే జంట విడిపోవచ్చు, రంగు ముదురు నీలానికి తిరిగితే అనుమానించు.

కోఠి_ల్యాబ్:
ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటం) కూడా చూడు తమ్మీ. కార్బాక్సిలేట్ రెండు పట్టీల మధ్య తేడా లెక్కగట్టాలె. సోడియం ఎసిటేట్‌ల 164 cm⁻¹ దాకా ఉంటది. కార్బాక్సిలేట్ లోహాన్ని ఒక్క ఆక్సిజన్‌తోనే పట్టుకుంటే 200 దాటుతది, రెండు ఆక్సిజన్లూ ఒకే లోహాన్ని పట్టుకుంటే బాగా తగ్గుతది, రెండు లోహాల నడుమ వంతెనైతే సోడియం ఉప్పు దగ్గర్లనే ఉంటది. గాని ఐఆర్ ఒక్కదాన్ని నమ్మి నిర్మాణం రాయకు. నికెల్ ఎసిటేట్ టెట్రాహైడ్రేట్‌ల ఎసిటేట్ ఒక్క ఆక్సిజన్‌తోనే పట్టుకుంటది, గాని రెండో ఆక్సిజన్ నీళ్లతోని హైడ్రోజన్ బంధం కడ్తది. గసుంటి కాడ తేడా మోసం జేస్తది.

తార్నాక_కుర్రాడు:
అక్కా, క్రిస్టల్స్ వస్తే డిఫ్రాక్టోమీటర్ (ఎక్స్‌రేతో క్రిస్టల్ నిర్మాణం కొలిచే యంత్రం) కోసం ఊరు ఆ చివరికి బండి మీద తీసుకెళ్లాలి. ఆరబెట్టి పొట్లం కట్టనా?

గచ్చిబౌలి_అక్క:
వద్దు నాన్నా! జాలకంలోని (అణువుల అల్లికలోని) మిథనాల్ పోతే క్రిస్టల్ తెల్లబడి పగులుతుంది. ఆ ద్రావణంలోనే ఉంచి, మూత బిగించి, థర్మోకోల్ డబ్బాలో తీసుకెళ్లు. అక్కడ నూనె చుక్కలోకి తీసి 100 కెల్విన్ నైట్రోజన్ ధారలో పెడతారు. మైక్రోస్కోప్ కింద పోలరైజర్ తిప్పి చూసుకో, మొత్తం ఒకేసారి చీకటైతే అది ఒక్క క్రిస్టలే. 0.2 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

నీలిగాజు:
ఎవరైనా డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్ అనే ద్రావణి) పోసి ఆటోక్లేవ్‌లో (బిగించి వేడిచేసే పాత్రలో) పెట్టమంటే ఒకటి గుర్తుంచుకో. వేడికి, తేమకి డీఎంఎఫ్ విరిగి ఫార్మేట్, డైమిథైల్ అమీన్ ఇస్తుంది. చక్కటి క్రిస్టల్ దొరికి, తీరా చూస్తే అందులో బెంజోయేట్ బదులు ఫార్మేట్ కూర్చుని ఉండొచ్చు. డేటాకి ఇచ్చే ముందే యూనిట్ సెల్ (క్రిస్టల్‌లో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పెట్టె) కొలిపించి పాత నిర్మాణాలతో పోల్చు.