సమస్య: వరుస లేకున్న నిలువులు వరుసదీరె

సమస్య ఇచ్చినవారు: తేటగీతి అండి, ఇది చివరి పాదం. దీని వెనక నా ఏడుపొకటుంది. ఆఫీసులో డేటాబేస్ నుంచి రిపోర్టు తీసే ప్రోగ్రాము రాస్తూ కాలమ్ పేర్లు మొదటి రో నుంచి తీసుకున్నాను. ఒక ఆదివారం లావాదేవీ ఒక్కటీ లేదు, హెడర్లు కూడా లేకుండా ఫైలు తెల్లకాగితంలా వెళ్లింది, సోమవారం పొద్దున్నే ఫోను. అడ్డు వరుస లేకపోయినా నిలువు వరుసల పేర్లు రావాలి కదా!

పప్పుచారు:
ఖాళి పట్టిక నడుగగ కర్సరనెను
పేరు రకమును పొడవును పెట్టినాను
చూడు డిస్క్రిప్షనొకసారి చోద్యమౌను
వరుస లేకున్న నిలువులు వరుసదీరె

గణాలపిచ్చి: బావుందండి. ఖా-క, పే-పె, చూ-చో యతులన్నీ కుదిరాయి, డిస్క్రిప్షన్‌ని (డేటాబేస్ ఫలితాలు తెచ్చే కర్సర్ దగ్గరుండే నిలువుల వివరాలు) తేటగీతిలో ఇరికించడం మాటలు కాదు, వేళ్లమీద లెక్కపెట్టి మరీ చూశాను. ఖాళీని ఖాళి చేశారు, పోనీలెండి. రెండో పాదం మాత్రం అబద్ధం! పైథాన్‌లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌కి వాడే ఎస్‌క్యూలైట్‌3 అయితే డిస్క్రిప్షన్‌లో ఒక్కో నిలువుకి 7 గడులుంటాయి కానీ పేరు తప్ప మిగతా 6 నన్ (None, అంటే ఏమీ లేదు) అనే వస్తాయి. రకం, పొడవు అక్కడెక్కడివి?

పప్పుచారు: నేను పోస్ట్‌గ్రెస్ (ఇంకో డేటాబేస్) మనిషిని, రకం వస్తుంది కదా అని రాసేశాను. ఎస్‌క్యూలైట్ వాళ్లకోసం ఇలా మారుస్తా:
పేరు తప్పించి మిగిలిన పెట్టె బోసి

జావాబాబాయ్: నాదీ చూడండి.
సున్న నుండియు లెక్కించి చూచినాను
జావ కసరెనొకటితోన సాగుమనుచు
లేబులడుగగ మారిన పేరు దొరికె
వరుస లేకున్న నిలువులు వరుసదీరె

గణాలపిచ్చి: బాబాయ్, మూడో పాదంలో లే-పే యతి ఎలా కుదిరింది? విషయం మాత్రం నిజమే, జావాలో నిలువుల వివరాలిచ్చే రిజల్ట్‌సెట్‌మెటాడేటాలో నిలువుల లెక్క 1 నుంచే, డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో ఏఎస్ (AS) పెట్టి పేరు మారిస్తే కొన్ని డ్రైవర్లు (జావాని డేటాబేస్‌తో కలిపేవి) గెట్‌కాలమ్‌నేమ్‌కి పాత పేరే ఇస్తాయి, గెట్‌కాలమ్‌లేబుల్ అడగాలి. ఇలా అంటే?
పేరు విడిచితి, లేబులే పిలువఁ బలికె
అసలు లోపం ఇంకోటి. వరుస ఎందుకు లేదో మీ పద్యంలో ఎక్కడా లేదు, సమస్యని తెచ్చి చివర అతికించారు.

జావాబాబాయ్: యతి సవరణ తీసుకున్నా. రెండోదానికి రాత్రికి కూర్చుంటా, ఇప్పుడు బిల్డ్ పోయింది.

సమస్య ఇచ్చినవారు: డిస్క్రిప్షన్ నుంచి తీసుకునేలా మార్చానండి. ఇన్సర్ట్ (కొత్త అడ్డు వరుస చేర్చే ఆదేశం) తర్వాత చూస్తే అదే నన్ అయి కూర్చుంది, దానిమీద ఎవరైనా కందం అందుకుంటారా?